రోడ్డు దాటిన బండ

పాలు విరిగాయని అత్తకు అబద్ధం చెప్పి కొట్టు దిగిన ప్రేమజ్యోతిని, పోయిన వారం మనం చిన్న మంగళారం పోయే గల్లీ మలుపులో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ అక్కడే ఉంది. ఆమెను కదిలించే ముందు, ఈ వారమే మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి.

మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు పొడుగునా ఎటు చూసినా చాయ్ హోటళ్లే. వాటి నడుమ కాఫీ మాత్రమే అమ్మే కొట్టు ఒకటే ఒకటి, జ్యోతిది. పెళ్లయిన కొత్తలో ఒక కాలేజీ హాస్టల్ వంటగదిలో పనిచేస్తూ డికాక్షన్ దించడం నేర్చుకుంది. పదేళ్ల కిందట ఆ పని మానేసి, షట్టర్ ఒకటి కిరాయికి తీసుకుని, 'జ్యోతి కాఫీ' అని బోర్డు పెట్టింది. చాయ్ తాగే ఊళ్లో కాఫీ ఎవడు తాగుతాడని నవ్వినవాళ్ల చేతే తాగించింది. ఎంకపల్లి రైతులు, ముడిమ్యాల నుంచి కూరగాయలు తోలే డ్రైవర్లు, పని మానేసిన ముసలి వాచ్‌మన్లు పొద్దున్నే వచ్చి, కొట్టు ముందున్న షాబాద్ బండ మీద కూర్చుని, గ్లాసెడు కాఫీని గంటసేపు తాగేవాళ్లు. వాళ్ల మీద జ్యోతికి విసుగు ఉండేది. ఆ విసుగులో గర్వం కూడా ఉండేది. నా గిరాకీ, నా మనుషులు అనుకునేది.

పోయిన క్రిస్మస్ దాటగానే రోడ్డుకు అవతల అశ్విని కాఫీ షాపు తెరిచింది. చిన్న మంగళారం కుర్మయ్య కూతురు. సిటీలో పెద్ద కాఫీ షాపులో కొన్నేళ్లు పనిచేసి వచ్చింది. నిలువెత్తు అద్దాలు, ఏసీ, మెత్తటి సోఫాలు, బుస్సుమనే మిషను. ఆ రోజు నుంచి జ్యోతికి కంటి మీద కునుకు లేదు. పాస్టరయ్య మత్సరం మీద ప్రసంగం చేసిన ఆదివారం, ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా తల ఊపింది ఆమే. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, అన్ని అద్దాలు తుడవడానికి ఎన్ని నీళ్లు పడతాయో అని పక్కావిడను ఆరా తీసిందీ ఆమే. ఆ షాపు కాఫీ ఎట్లా ఉందో చూసి రమ్మని అత్త బీరమ్మను ఒకరోజు రహస్యంగా పంపించింది. బీరమ్మ తాగి వచ్చి, "ఏసీ మంచిగున్నది" అని చెప్పింది. అంతకుమించి ఆవిడ నోట ఒక్క ముక్క రాలేదు.

కుళ్లు మనిషిని ఊరికే ఉండనివ్వదు. ఈస్టర్ కాగానే జ్యోతి కూడా కొట్టు మార్చింది. శని, ఆదివారాల్లో ఫాంహౌసులకు పోయే కార్లు తన ముందు ఆగాలని గచ్చు చేయించింది. నిలబడి తాగే స్టీలు టేబుళ్లు వేయించింది. కార్లకు అడ్డమని బండను తీసేయమంది. "పలగొట్టి అవతల పారెయ్యిన్రి" అని మేస్త్రీకి చెప్పి, చేవెళ్లలో స్త్రీల ప్రార్థన కూడికకు పోయింది. తిరిగొచ్చేసరికి బండ లేదు. ఆ తర్వాత పొద్దుటి మనుషులూ లేరు. కార్లు ఆగాయి గానీ, అద్దాల ముందు ఆగాయి. రెంటికీ చెడ్డ రేవడిలా అయింది జ్యోతి పని.

తన మనుషులంతా ఏసీ కింద సోఫాల్లో కూర్చుంటున్నారని ఆమె ఊహ. ఆ ఊహతో రోజూ ఉడికిపోయి, చివరికి ఇవాళ పొద్దున వాళ్లను కళ్లారా చూద్దామని బయల్దేరింది. "పాలు ఇరిగినయా? నాకు మంచిగనే కనవడుతున్నయి గదనే" అంటున్న బీరమ్మను కొట్లో కూర్చోబెట్టి రోడ్డు దాటింది. అద్దాల్లోంచి చూస్తే సోఫాల్లో ఎవరూ లేరు. నవ్వులు మాత్రం వినిపించాయి. ఆ నవ్వుల వెంట షాపు పక్క గల్లీలోకి తిరిగింది. అక్కడ, తన కొట్లోంచి చూస్తే కనపడని గోడ వారన, తన షాబాద్ బండ ఉంది. కొత్తగా ఎక్కడా పగల్లేదు. దాని మీద తన మనుషులున్నారు.

అక్కడే కదా మనం ఆపింది. ఇక నడిపిద్దాం.

జ్యోతిని చూడగానే బండ మీది నవ్వులు ఆగిపోయాయి. ఒకడికి మడికి నీళ్లు పెట్టాలని గుర్తొచ్చింది. ఇంకొకడికి మోగని ఫోన్ మోగింది. చిటికెలో అందరూ జారుకున్నారు. మోకాళ్ల నొప్పుల అంతయ్య ఒక్కడే మిగిలాడు. లేవాలనే ఉంది ఆయనకు కూడా, లేవలేకపోయాడు.

అంతయ్య అంటే ఎవరనుకున్నారు? పదేళ్లుగా జ్యోతి కొట్లో తొలి కాఫీ ఆయనదే. "మేము బోణీలు గీణీలు పట్టిచ్చుకోం" అని చర్చిలో చెప్పే జ్యోతి, అంతయ్య రాకముందు ఇంకెవరైనా గ్లాసు అడిగితే డికాక్షన్ దిగలేదనేది. అంతయ్య తాగి పోయాక చిత్రంగా అప్పుడే దిగేది. ఆ అంతయ్య ఇప్పుడు పరాయి గోడకు ఆనుకుని, పరాయి కప్పు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం బిడ్డా, గింత పొద్దుగాల ఇటొచ్చినవ్?" అన్నాడు.

"నా బండను సూద్దామని వచ్చిన కాకా. తప్పిపోయినోళ్లు దొరికితె సూడపోరా?"

"కూసో. సల్లగున్నది."

"నా కొట్టు ముంగట గూడ సల్లగనే ఉండె."

"ఉండె" అని అంతయ్య ఒప్పుకున్నాడు.

"మరి ఏమయింది? నా స్టీలు టేబుళ్లు కరుస్తున్నయా?"

"మోకాళ్లు కరుస్తున్నయి బిడ్డా. నిలవడి తాగితె కాఫీ జల్ది అయిపోతది. అయిపోంగనే నువ్వు గ్లాసు గుంజుకుంటవ్. చేతుల గ్లాసు లేకపోతె ఆడ నిలవడనీకె నాకేం హక్కున్నది చెప్పు? ఇంటికి పోవాలె. గింత పొద్దుగాల ఇంటికి పోయి ఏం చెయ్యాలె నేను?"

 చిక్కున పడ్డప్పుడు జ్యోతి మాట మారుస్తుంది, అది ఆమె పద్ధతి.

"గదంత ఇడువు. నా కాఫీ కన్న గీమె కాఫీ మంచిగున్నదా? గదొక్కటి చెప్పు కాకా."

అంతయ్య కప్పులోకి తొంగి చూశాడు. అందులో ఇంకా సగం ఉంది.

"బండ మంచిగున్నది బిడ్డా" అన్నాడు.

తన మనసు నొప్పించడం ఇష్టం లేక దాటేస్తున్నాడని జ్యోతి అర్థం చేసుకుంది. నోటితో చెప్పలేనంత బాగుందన్నమాట ఆ కాఫీ. 

అప్పుడే పక్క తలుపు తెరుచుకుని అశ్విని వచ్చింది. నల్ల ఏప్రాన్, పైకి ముడేసిన జుట్టు, చేతిలో తుడిచే గుడ్డ. జ్యోతిని చూసి ఒక్క క్షణం తడబడి, వెంటనే నవ్వు తెచ్చుకుంది.

"వదినా! ఎప్పుడొచ్చినవ్? లోపటికి రా, ఏసీ ఏస్త."

ఇన్ని నెలలూ ఎదురైనప్పుడల్లా 'అక్కా' అని పిలిచిన పిల్ల. ఇవాళ వదిన అంటోంది. జ్యోతి చెవి ఆ మాటను పట్టుకుంది గానీ, కోపం తొందరలో ఉండటం వల్ల దాన్ని అప్పటికి పక్కన పెట్టింది.

"లోపటికి నేనెందుకొస్త? నా బండ నాకు గావాలె."

"నువ్వు పారేసిన బండ గదా వదినా."

"పారేస్తె? నేను పారేసిన చీర కట్టుకొని నా ముంగటనే తిరుగుతవా పిల్లా? సిగ్గనిపియ్యదా నీకు?"

అశ్విని మొహం ఎర్రబడింది. తిరగబడుతుందనుకుంది జ్యోతి, అందుకు సిద్ధంగానే నిలబడింది కూడా. కానీ అశ్విని చేతిలో గుడ్డను మడత పెడుతూ, మెల్లగా మాట్లాడింది.

"అనిపిస్తది వదినా, ఎందుకనిపియ్యది? నిజం చెప్త ఇను. నేను షాపు తెరిచినంక ఊరోళ్లు ఒక్కలు లోపటికి రాలే. అద్దాల కాడిదాక వచ్చుడు, చెప్పులు ఇడవాల్నా తొడుక్కొనే పోవాల్నా అని ఒకల మొకం ఒకలు సూసుకునుడు, మళ్లి పోవుడు. నేను లోపట నిలవడి సూస్తనే ఉంటి. రమ్మని చెయ్యి ఊపితె ఇంకింత జల్ది పోయిన్రు. నీ కొట్టు ముంగట సూస్తె పొద్దుగాలనే జాతర. నాకు నిద్ర పడుతుండె అనుకున్నవా? గామెకు ఏమున్నది, రేకుల షట్టరు, సొట్ట గ్లాసులు, గామె కాడికే ఎందుకు పోతరు అని కుళ్లి కుళ్లి సచ్చిన."

ఈ మాట విన్నాక జ్యోతి లోపల ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారు. ముద్దపప్పులో నెయ్యి వేసినట్టు హాయిగా అనిపించింది. ఇన్ని నెలలూ తానొక్కతే మండుతున్నాననుకుంది. అవతల కూడా పొయ్యి రగులుతూనే ఉందట. మన మీద ఇంకొకరు కుళ్లుకుంటే అది ఎంత కమ్మగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కాకపోతే సొట్ట గ్లాసులన్న మాటను మాత్రం ఆమె మర్చిపోలేదు.

"నీ కుళ్లు నీది. బండ నాది" అంది గొంతు తగ్గించకుండా. "అది ఉత్త బండ గాదు. మా ఆయన తెచ్చిన బండ. కొట్టు తెరిచిన నాడు షాబాద్ పోయి, కిరాయి ట్రాలీల ఏసుకొచ్చి, నా ముంగట దించిండు. దించేటప్పుడు గా మూలకు ఇరిగింది, ఇగో సూడు. గది మా ఆలుమగల బండ. నీకెట్ల చెందుతది?"

అశ్విని అంతయ్య వైపు చూసింది. అంతయ్య మళ్లీ కప్పులోకి చూశాడు.

"నాకు ఎరికె వదినా" అంది అశ్విని. "అప్పుడు అన్ననే తెచ్చిండు. ఇప్పుడు గూడ అన్ననే తెచ్చిండు."

జ్యోతి పక్కన పెట్టిన మాట ఇప్పుడు దానంతట అదే వచ్చి దాని చోట్లో కూర్చుంది. ఎవరినో ఒకరిని అన్న అన్నాకే కదా, ఇంకొకరు వదిన అవుతారు.

"ఏ అన్న?" తెలిసే అడిగింది.

"వరప్రసాదన్న."

వరప్రసాద్ ముడిమ్యాల నుంచి ఆకుకూరలు, క్యారెట్ తన ట్రాలీ ఆటోలో సిటీకి తోలతాడు. చీకటితోనే లేచి పోతాడు, ఎండెక్కాక ఇల్లు చేరతాడు. నెమ్మదైన మనిషి. ఈసారి ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమదినాల్లో దేవుడి కోసమని కాఫీ మానేశాడు. ఈస్టర్ నాడు జ్యోతి తన చేత్తో గ్లాసు అందిస్తే, "అలవాటు తప్పింది, ఇగ వద్దు" అన్నాడు. కాఫీ కొట్టు నడిపే భార్య ఉండి కూడా కాఫీ వదిలేసిన మగవాడి గురించి జ్యోతి చేవెళ్ల కూడికలో నిలబడి సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. బండ పోయింది ఆ మధ్యాహ్నమే.

గల్లీ మలుపులో ట్రాలీ హారన్ వినిపించింది. ఏ బండి హారన్ ఎవరిదో జ్యోతికి చెప్పనక్కర్లేదు. ఆమె గోడ వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

ట్రాలీ నిండా క్యారెట్ సంచులు, మీద తడిగోనె. వరప్రసాద్ దిగాడు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నేరుగా బండ దగ్గరికి వచ్చాడు. అంతయ్య ఎవరూ చెప్పకుండానే కొంచెం పక్కకు జరిగాడు. విరిగిన మూల పక్కన, అప్పటికే తనదైపోయిన చోట్లో, వరప్రసాద్ కూర్చోబోయి భార్యను చూశాడు. సగం కూర్చుని సగం లేచి ఆగిపోయాడు.

"కూసో, కూసో" అంది జ్యోతి. "ఎందుకు లేస్తున్నవ్? అలవాటైన జాగనే గదా."

అతను కూర్చోలేదు.

"కాఫీ అలవాటు తప్పిందంటివి?"

"తప్పింది" అన్నాడు వరప్రసాద్. తువ్వాలను చేతిలోకి తీసుకుని, "మళ్ల వడ్డది" అన్నాడు.

"గీడ వడ్డదా? మీ అవ్వ కూసున్నది ఆడ, నీ పెండ్లాం కొట్ల. దేవుని కోసం నా కొడుకు కాఫీ ఇడిచిండని సంబురపడుతున్నది. నేను సాక్ష్యం చెప్పి వచ్చిన నల్గుట్ల. నా మొకం ఏడ వెట్టుకోవాలె?"

"నేను చెప్పుమన్ననా సాక్ష్యం?"

"బండ నువ్వే తెచ్చినవా?"

"నేనే తెచ్చిన. మేస్త్రీ సమ్మెట ఎత్తిండు, అప్పుడే నేను ఖాళీ ట్రాలీతోని వచ్చిన. కొట్టకున్రి అన్న. నల్గురం పట్టి ఎక్కిచ్చినం."

"ఎక్కిస్తె ఇంటికి తేవాలె. వాకిట్ల ఎయ్యాలె. రోడ్డు దాటిచ్చి గీమె గల్లీల ఏసుడేంది?"

"ఇంటికి తెస్తె నువ్వు సూసి మళ్ల పలగొట్టిస్తుంటివి" అన్నాడు వరప్రసాద్. గొంతు పెంచలేదు, కానీ తువ్వాలను మెలిపెడుతున్నాడు. "రోడ్డు మీద ట్రాలీ ఆపి ఏడ వెట్టాల్నో తెల్వక నిలవడ్డ. గీ పిల్ల వచ్చింది. అన్నా, దీన్ని పారేస్తున్నవా, నాకిస్తవా అని అడిగింది. అడిగినోళ్లకు ఇచ్చిన. నువ్వు అడగలే జ్యోతీ. ఉంచాల్నా తియ్యాల్నా అని నన్ను ఒక్క మాట అడగలే. నీ కొట్టుకు నేను ఇచ్చింది గదొక్కటే. పొయ్యి నీది, గిన్నెలు నీయి, బోర్డు మీద పేరు నీది. గదొక్కటే నాది ఉండె."

అశ్విని మెల్లగా లోపలికి జారుకుంది. అంతయ్య కూడా జారుకునేవాడే, కానీ ఆయన సంగతి మనకు తెలుసు కదా.

"సరె, బండ ఇచ్చినవ్" అంది జ్యోతి.  "బండ ఎంబడి నువ్వు గూడ రావాల్నా? గది గూడ అడిగిందా?"

"నీ కొట్ల నేను ఎన్నడన్న కూసొని తాగిన్నా జ్యోతీ?"

"ఎందుకు తాగలే?"

"ఎందుకో యాదికి తెచ్చుకో. కూసుంటె సాలు, గిరాకొచ్చింది లే అంటవ్. పాలు తెచ్చిన, గ్లాసులు కడిగిన, పొయ్యి పక్కన నిలవడి రెండు గుక్కలల్ల తాగిన. నేనే తెచ్చిన బండ మీద ఒక్కనాడు కూసోలే. గీడ నేను గిరాకిని. కూసో అన్నా అంటది. కూసుంటున్న."

జ్యోతి వెతుక్కుంది. పదేళ్లలో ఒక్క రోజైనా, ఏ వానాకాలం పొద్దునో, గిరాకీ లేని ఏ కర్ఫ్యూ రోజో, తన కొట్టు ముందు తన మొగుడు కాళ్లు చాపుకుని కూర్చున్న బొమ్మ ఒక్కటి దొరుకుతుందేమోనని. దొరకలేదు. దొరికిన ప్రతిచోటా అతను నిలబడే ఉన్నాడు, చేతిలో తడి గ్లాసుతో. అతను చెప్పింది న్యాయమైన మాటే. న్యాయమైనందుకే ఆమెకు ఇంకా మండింది. అంత న్యాయమైన మాట ఇంట్లో తనతో అనకుండా, ఈ గల్లీలో ఈ పిల్ల గోడ పక్కన దాచుకున్నాడే అని మండింది.

అశ్విని ట్రేలో రెండు కప్పులతో వచ్చింది. పైన తెల్లటి నురుగు, నురుగు మీద ఆకు బొమ్మ.

"ముందు కాఫీ తాగు వదినా. కయ్యం ఎటు పోతది, ఈడనే ఉంటది. అన్నా, ఇగో నీది."

వద్దనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చేతికిచ్చింది కాదంటే మాట పడాలి, అదొకటి. ఇంకొకటి, అసలుది, ఇన్ని నెలలుగా ఆ అద్దాల వెనక మిషను బుస్సుమన్నప్పుడల్లా జ్యోతి నాలుక తహతహలాడింది. ఏముంది అందులో? తన మనుషులను లాక్కున్న ఆ రుచి ఎట్లా ఉంటుంది? కప్పు అందుకుంది. బండ మీద కూర్చుంది.

ఆమె కూడా ఆ బండ మీద కూర్చోవడం అదే మొదటిసారి. నిజంగానే చల్లగా ఉంది. వరప్రసాద్ ఆమెకు అవతల, విరిగిన మూల దగ్గర కూర్చున్నాడు. మధ్యలో అంతయ్య ఇబ్బందిగా మోకాళ్లు నిమురుకుంటున్నాడు.

రోడ్డు అవతలి నుంచి బీరమ్మ కేక వినిపించింది. "జ్యోతీ, ఓ జ్యోతీ! ఏడ వోయినవే? గిరాకొచ్చింది లే, రా!"

వరప్రసాద్ చటుక్కున తలెత్తి జ్యోతి వైపు చూశాడు. జ్యోతి కదల్లేదు. కప్పు పెదవులకు ఆనించింది.

మాడిపోయింది. మొదటి గుక్కలోనే తెలిసింది. గింజలు మాడ్చిన వాసన, దాని వెనక నీళ్ల పాలు, అన్నిటి కింద నాలుక చివర మిగిలే పులుపు. ఆకు బొమ్మ కింద ఉన్నది కాఫీయే కాదు. హాస్టల్లో ఇట్లాంటిది పెడితే పిల్లలు గ్లాసులు విసిరేసేవాళ్లు. జ్యోతి అనుమానం తీరక ఇంకో గుక్క తాగింది. రెండోది ఇంకా ఘోరంగా ఉంది. అత్త ఏసీ గురించి, అంతయ్య బండ గురించి ఎందుకు చెప్పారో ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

ముందు సంతోషం వచ్చింది. గంతులు వేయాలనిపించేంత సంతోషం. అది గొంతు దిగకముందే వెనక నుంచి ఇంకొకటి వచ్చి దాన్ని నొక్కేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈ పుల్లకూర నిజంగానే పులిసింది, పులిసిందని అందరికీ తెలుసు, అయినా రోజూ వచ్చి కూర్చుని తింటున్నారు. మంచి కాఫీకి ఓడిపోయి ఉంటే జ్యోతి తట్టుకునేది. మరింత మంచి పొడి తెప్పించి, మరింత చిక్కగా డికాక్షన్ దించి గెలిచేది. తాను ఓడింది చెడ్డ కాఫీకి. తన చేతిలోని విద్య దేనికీ కొరగాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. నురుగు తుడుచుకుంటున్నట్టు చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఎట్లున్నది వదినా?"

అశ్విని ట్రేను గుండెకు హత్తుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"నిజం చెప్పు. గీ రోడ్డు మీద కాఫీ గురించి నీకన్న తెలిసినోళ్లు లేరు. వీళ్లందరు తాగుతరు, పోతరు, ఎట్లున్నదో ఎవ్వరు చెప్పరు. సిటీల మేము మిషన్ల బటన్ నొక్కుడే నేర్సుకున్నం. ఏమన్న తప్పుంటె చెప్పు, దిద్దుకుంట."

పొడి మాడుతోంది, మిషను వేడి తగ్గించు. పాలల్లో నీళ్లు పోయకు. చెప్పాల్సింది ఆ రెండు మాటలే. ఈ పిల్ల పట్టుదల గలది, చెబితే సాయంత్రానికే దిద్దుకుంటుంది. అప్పుడు బండ కూడా ఇక్కడే, మంచి కాఫీ కూడా ఇక్కడే. రోడ్డు అవతల మిగిలేది స్టీలు టేబుళ్లు, సొట్ట గ్లాసులు. జ్యోతి దగ్గర ఇంకా మిగిలి ఉన్నది ఒక్క రుచే. అది కూడా తన నోటితోనే ఇచ్చుకోవాలా?

ఆదివారం ప్రసంగం గుర్తొచ్చింది ఆమెకు. గుర్తొచ్చి పోయింది.

"మస్తుగున్నది" అంది జ్యోతి. "ఏం మార్చకు. గిట్లనే పెట్టు."

అంతయ్యకు పొలమారింది. దగ్గుతూ దగ్గుతూ తువ్వాల కోసం తడుముకున్నాడు.

అశ్విని మొహం వెలిగిపోయింది. "నిజంగనా వదినా? మీ ఆలుమగలు ఇద్దరిది ఒక్కటే మాట. అన్న గూడ రోజు గదే అంటడు. మస్తుగున్నది, ఏం మార్చకు, గిట్లనే పెట్టు అంటడు."

కప్పు జ్యోతి చేతిలో ఆగిపోయింది.

వరప్రసాద్‌కు కాఫీ తెలియక కాదు. పదేళ్లు ఆమె డికాక్షన్ తాగిన నాలుక అది. పాలు ఒక పొంగు ఎక్కువైతే వాసనతోనే కనిపెట్టే మనిషి. ఇది మాడిందని మొదటి రోజే తెలిసి ఉంటుంది. తెలిసీ రోజూ ఆ మాట ఎందుకన్నాడు?

రెండే దారులున్నాయి. ఒకటి, ఇప్పుడు తాను చెప్పిన కారణానికే అతనూ చెప్పి ఉండాలి. ఈ పిల్ల కాఫీ ఎన్నటికీ బాగుపడకూడదని, రోడ్డు అవతల భార్య కొట్టు బతకాలని, ఈ గోడ పక్కన కూర్చుని ఎవరికీ తెలియకుండా కాపలా కాస్తూ ఉండాలి. అదే నిజమైతే ఇతను తన మనిషి, కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాల్సిన మనిషి. కాదంటే, ఆ పిల్ల మనసు చిన్నబుచ్చుకోకూడదని చెప్పి ఉండాలి. జ్యోతి కాఫీని పదేళ్లలో ఒక్కసారి కూడా బాగుందని అనలేదు వరప్రసాద్. గ్లాసు ఖాళీ చేసి కడిగి బోర్లించేవాడు, అంతే. తనకు ఒక్కనాడూ దక్కని మాట ఈ పిల్లకు రోజూ దక్కిందా?

ఏది నిజమో అతని మొహంలో వెతికింది జ్యోతి. అతను తలెత్తలేదు. చేతిలో కప్పు, కప్పులో సగం కాఫీ. ఆ సగం వదిలేసి కప్పు కింద పెడితే తన మనిషే అని ఆమె మనసులోనే పందెం వేసుకుంది. అంత చెడ్డ కాఫీని భార్య ఎదురుగా ఎవడు మాత్రం పూర్తిగా తాగుతాడు?

వరప్రసాద్ కప్పెత్తాడు. తల వెనక్కి వాల్చి, అడుగున మిగిలిన నురుగు కూడా వదలకుండా తాగేశాడు. మూతి తుడుచుకుని, ఖాళీ కప్పును అశ్విని వైపు చాచాడు.

"ఇంకో కప్పు పొయ్యి బిడ్డా" అన్నాడు.

జ్యోతి కొట్లో అతను రెండో గ్లాసు ఎన్నడూ అడగలేదు.